మీ ఎమ్మెల్యే ఏం చేశారో మీరే లెక్క తీయడం ఎలా?

"మా ఎమ్మెల్యే మంచిగ పనిచేస్తున్నడంటరా సార్?" నల్లగొండ, పాలమూరు వైపు నుంచి నాకు అందరికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. అడిగినవాళ్లే సగం జవాబు కూడా చెప్పేస్తారు. "మనిషి మాత్రం మంచోడు సార్. పిలిస్తే పలుకుతడు, పెండ్లికొస్తడు, చావుకొస్తడు." అదే నాయకుడి గురించి పక్క ఊరాయన "ఫోన్ ఎత్తడు, ఒట్టి పొగరు" అంటాడు. రెండూ నిజమే కావచ్చు. కానీ ఈ రెండు మాటల్లో దేన్నిబట్టీ మీ ఊరి నల్లాలో నీళ్లు వస్తున్నాయో లేదో తెలియదు.

అందుకని అడిగిన ప్రతివాళ్లకీ విడివిడిగా చెప్పడం మానేసి పద్ధతంతా ఒకచోట రాస్తున్నాను. ఏ పార్టీ నాయకుడికైనా ఇది పనికొస్తుంది. పెద్ద చదువు అక్కర్లేదు, రెండు నెలల ఓపిక చాలు. ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) జవాబుకే 30 రోజులు పోతాయి కాబట్టి అంతకన్నా తొందరగా కాదు. ఒక్క పూటలో తేల్చుకోవాలనుకునేవాళ్లు నేరుగా చివరి భాగానికి వెళ్లండి.

ముందుగా సమకూర్చుకోవాల్సినవి

- ఒక లాంగ్ నోట్‌బుక్. ఫోన్‌లో రాసుకుంటే వాట్సాప్ ఫార్వర్డుల కింద పడి కనిపించకుండా పోతుంది.
- తేదీ, లొకేషన్ ఫొటో మీదే పడే కెమెరా యాప్ ఏదైనా.
- గత ఎన్నికల్లో ఆ నాయకుడు మీ మండలానికి ఇచ్చిన హామీలు. కరపత్రాలు, పేపర్ జిల్లా పేజీ కటింగులు, ప్రచారం వీడియోలు ఏవైనా సరే. తెలంగాణలో గత అసెంబ్లీ పోలింగ్ 2023 నవంబరు 30న జరిగింది. దానికి ముందు రెండు నెలల పేపర్లు తిరగేస్తే చాలావరకు దొరుకుతాయి. మీ ఊరి లైబ్రరీలో పాత పేపర్లు కట్టలు కట్టి ఉంటే అదృష్టమే.
- నలుగురు మనుషులు. ఒకరు ఆ నాయకుడి వీరాభిమాని, ఒకరు ఎదుటి పార్టీ మనిషి, మిగతా ఇద్దరు రోజూ పనిలో ఉండేవాళ్లు. ఆశా కార్యకర్త, లైన్‌మన్, నీళ్లు వదిలే పంచాయతీ వర్కర్, బడి సారు లాంటివాళ్లు. వీళ్లు చెప్పింది రాసుకోండి గానీ పేర్లు మాత్రం రాయకండి. వాళ్ల ఉద్యోగాలతో ఆటలొద్దు.
- ఆర్టీఐ ఖర్చులకు ఓ వంద రూపాయలు.

1. ఎవరి పని ఏదో ముందు విడదీయండి

లెక్క ఇక్కడే తప్పుతుంది. మోరీ నిండితే ఎమ్మెల్యేని తిడతారు, జాతీయ రహదారి పడితే ఎమ్మెల్యేకి పాలాభిషేకం చేస్తారు. రెండూ ఆయన చేతిలోనివి కావు. మోరీలు, వీధి దీపాలు, చెత్త బండి పంచాయతీవి లేదా మున్సిపాలిటీవి. జాతీయ రహదారులు, రైల్వే పనులు కేంద్రానివి. అక్కడ అడగాల్సింది ఎంపీని.

ఎమ్మెల్యే చేతిలో నేరుగా ఉండేది నియోజకవర్గ అభివృద్ధి నిధి. దానికి తోడు రాష్ట్ర శాఖల నుంచి పనులు మంజూరు చేయించుకునే పలుకుబడి, అసెంబ్లీలో నోరు విప్పే హక్కు, అధికారులతో రివ్యూ మీటింగులు. ఆయన మంత్రి కూడా అయితే ఆ శాఖ పనితీరు మొత్తం ఆయన ఖాతాలోకే వస్తుంది. అప్పుడు నియోజకవర్గాన్ని, శాఖను వేరువేరు పేజీల్లో లెక్కించాలి.

నోట్‌బుక్‌లో ఒక పేజీని మూడు గడులు చేయండి: ఆయన చేతిలోది, ఆయన ఒత్తిడి తెస్తే కదిలేది, ఆయనకు సంబంధం లేనిది. మీ ఊరి సమస్యలన్నీ ఈ మూడింట్లో సర్దండి. మూడో గడిలో పడ్డవాటిని ఇకముందు ఈ లెక్కలోకి తీసుకురాకండి, పొగడ్తకైనా తిట్టుకైనా.

2. మూడు విషయాలే ఎంచుకోండి

"అభివృద్ధి జరిగిందా?" అని మొదలుపెడితే ఎక్కడా తేలదు. "మా తండాకు రోజూ నల్లా నీళ్లు వస్తున్నాయా? ఎంతసేపు?" అని అడిగితే తేలుతుంది. కొలవగలిగినవి మూడు తీసుకోండి. మా వైపు మామూలుగా నేను సూచించేవి: ఒకటి తాగునీరు, రెండోది సర్కారు దవాఖానా లేదా బడి, మూడోది రోడ్డు లేదా కాలువ. పాలమూరు పల్లెల్లో అయితే వలసను నాలుగోదిగా చేర్చుకోవచ్చు. దాని సంగతి కింద చెబుతాను.

ఎంపిక పూర్తయ్యాక మార్చొద్దు. మధ్యలో తేలిందేదో నచ్చక వేరే విషయం పట్టుకుంటే, ముందే రాసిపెట్టుకున్న తీర్పుకు సాక్ష్యాలు వెతుకుతున్నట్టే. మీ నలుగురితో మొదటి రోజే ఆ పేజీ మీద సంతకాలు పెట్టించండి.

3. ఆయన వచ్చిన రోజు ఎట్లా ఉందో కనుక్కోండి

ఇప్పుడు నీళ్లు వస్తున్నాయి అంటే సరిపోదు. ఆయన రాకముందు వచ్చేవా? పదవిలోకి వచ్చిన రోజు పరిస్థితి, ఇవాళ్టి పరిస్థితి పక్కపక్కన రాయాలి.

ఇక్కడ మన జిల్లాలకు ప్రత్యేకమైన గోతి ఒకటుంది. 2016 అక్టోబరు 11న పాత నల్లగొండ జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అయింది. పాత మహబూబ్‌నగర్ (మన పాలమూరు) నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా పోయింది. షాద్‌నగర్ రంగారెడ్డిలో కలిసింది. 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే అట్టడుగు. ఆ అంకె పాత జిల్లా మొత్తానిది. దాన్ని ఇప్పటి చిన్న మహబూబ్‌నగర్ జిల్లా అంకె పక్కన పెట్టి "చూశారా, ఎంత పెరిగిందో" అని ఎవరైనా స్టేజీ మీద అంటే నమ్మకండి. బాగా వెనకబడ్డ గద్వాల, నారాయణపేట వైపు మండలాలు లెక్కలోంచి జారిపోయినందుకే అందులో కొంత పెరుగుదల వచ్చి ఉంటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనూ ఇదే తంటా. 2015–16 సర్వే పాత జిల్లాలది, 2019–21 సర్వే కొత్త జిల్లాలది.

జిల్లా అంకెలు వదిలేసి మండలం, ఊరు స్థాయికి దిగడమే దీనికి విరుగుడు. బడిలో హాజరు రిజిస్టరు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కాన్పుల రిజిస్టరు, అంగన్‌వాడీలో పిల్లల బరువుల పుస్తకం, పంచాయతీలో నల్లా కనెక్షన్ల జాబితా. ఇవి జిల్లా విడిపోయినా మారవు. సారుతో మంచిగా మాట్లాడితే పాత సంవత్సరాల మొత్తాలు చెబుతారు. చెప్పకపోతే ఆర్టీఐ ఉండనే ఉంది.

4. శిలాఫలకం నుంచి బిల్లు దాకా కాగితం పట్టుకుని నడవండి

మన దగ్గర ఒక పని జరగాలంటే దాని కాగితం ఇన్ని గడపలు దాటాలి: జీవో లేదా పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, అగ్రిమెంటు, పని, ఎం-బుక్‌లో (ఇంజినీరు కొలతలు రాసే పుస్తకం) కొలతలు, బిల్లు. కొబ్బరికాయ వీటిలో ఏ దశలోనైనా కొట్టవచ్చు. ఎన్నికల ముందైతే మొదటి గడప దాటకముందే కొడతారు. అందుకే శంకుస్థాపన ఫొటోకి విలువ ఇవ్వకండి. శిలాఫలకాన్ని మాత్రం తప్పకుండా ఫొటో తీయండి. దాని మీద తేదీ, పని పేరు, చాలాసార్లు అంచనా మొత్తం కూడా చెక్కి ఉంటాయి. ఆర్టీఐ రాయడానికి అంతకన్నా మంచి ఆధారం దొరకదు. నాయకులు రాయి మీద చెక్కించి మరీ మనకు సాక్ష్యం వదిలిపోతారు!

దరఖాస్తు ఎవరికి? రోడ్డు ఆర్ అండ్ బీదా (రోడ్లు, భవనాల శాఖ) పంచాయతీరాజ్‌దా ముందు కనుక్కోండి. ఆ శాఖ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ ఆఫీసులో ప్రజా సమాచార అధికారి పేరున ఇవ్వాలి. తాగునీటికి మిషన్ భగీరథ, కాలువలకు నీటిపారుదల శాఖ. రుసుము గ్రామ స్థాయి ఆఫీసులో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు ఉంటే నకలు జత చేయండి, రుసుము ఉండదు. దరఖాస్తులో ఇలా రాయండి:

"ఫలానా గ్రామం నుంచి ఫలానా గ్రామం వరకు రోడ్డు పనికి సంబంధించి (1) పరిపాలనా అనుమతి ఉత్తర్వు నకలు, (2) అగ్రిమెంటు తేదీ, కాంట్రాక్టు మొత్తం, పని పూర్తి చేయాల్సిన తేదీ, (3) ఎం-బుక్ నకలు, (4) ఇప్పటివరకు చెల్లించిన బిల్లులు తేదీలతో సహా, (5) గడువు పొడిగించి ఉంటే ఆ ఉత్తర్వుల నకళ్లు ఇప్పించగలరు."

"పని ఎందుకు ఆగింది?", "దీనికి బాధ్యులెవరు?" అని అడగొద్దు. ఆఫీసులో ఉన్న కాగితం ఇవ్వడమే చట్టం. కారణాలు అడిగితే "సమాచారం కాదు" అని తిప్పి పంపడానికి మీరే దారి చూపించినట్టు. ఐదో ప్రశ్నకు వచ్చే పొడిగింపు ఉత్తర్వులో కారణం దానంతటదే బయటపడుతుంది.

30 రోజుల్లో జవాబు రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు చేయండి, మరో 30 రోజుల్లోగా. దానికీ పలక్కపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. దాని కోసం లెక్క మొత్తం ఆపేయకండి. "అడిగినా ఇవ్వలేదు" అని తేదీతో రాసుకోండి, అది కూడా ఒక ఫలితమే. ఆలోగా కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి వెళ్లి ఒక అర్జీ ఇచ్చి రశీదు తీసుకుంటే, కొన్నిసార్లు ఆర్టీఐ కన్నా ముందే ఇంజినీరు ఫోన్ చేస్తాడు.

5. కాళ్లతో వెళ్లి, కళ్లతో చూడండి

బిల్లు చెల్లించారంటే పని పూర్తయినట్టు కాగితం చెబుతుంది, అంతే. మిగతాది మీరే చూడాలి. నీళ్ల గురించి కాస్త ఎక్కువ రాస్తున్నాను, మా నల్లగొండలో ఓట్లు అడిగేదీ, మోసపోయేదీ ఎక్కువగా దాని మీదే.

నల్లా నీళ్లు చూడాలంటే ట్యాంకు దగ్గరి ఇంటికి వెళ్లకండి. పైపు చివర, ఊరి బయట, ఎత్తు మీద ఉన్న ఆఖరి ఇంటికి వెళ్లండి. నీళ్లు వదిలే టైంకి బిందె పెట్టి ఎన్ని నిమిషాల్లో నిండిందో చూడండి. వారంలో మూడు వేర్వేరు రోజులు చూడాలి, ఎండాకాలంలో అయితే ఇంకా మంచిది. తర్వాత ఆ ఇంటావిడను ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "అక్కా, ఈ నీళ్లు తాగుతున్నరా, బోళ్లు తోముతున్నరా?" వంటింట్లో 20 లీటర్ల క్యాను కనిపిస్తే కనెక్షన్ల లెక్క నూరు శాతం ఉన్నా ఆ ఇంటికి తాగునీరు అందనట్టే రాసుకోవాలి. క్యాను ఎందుకు కొంటున్నారో కూడా అడగండి. వాసనా, నమ్మకం లేకపోవడమా, టైంకి రాకపోవడమా అనేదాన్నిబట్టి తప్పు ఎవరిదో మారుతుంది. మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్‌లో లేచింది 2015లో. ఇన్నేళ్లయ్యాక కూడా ఆ చుట్టుపక్కల ఊరి ఆటోలో క్యాన్లు తిరుగుతుంటే దానికి కారణం రాసి తీరాలి.

ఫ్లోరైడ్ విషయంలో రెండు జాగ్రత్తలు. టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను చూపించదు. చేతిలో పట్టుకుని తిరిగే ఆ చిన్న పరికరం నీళ్లలో కరిగిన లవణాల మొత్తం అంచనా వేస్తుంది, అంతే. టీడీఎస్ తక్కువున్న నీళ్లలోనూ ఫ్లోరైడ్ ఉండొచ్చు. గాజు సీసా వద్దు, లీటరు ప్లాస్టిక్ బాటిల్‌ను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపి, ఊరు, ఇల్లు, తేదీ రాసి అతికించి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌కు ఇవ్వండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు, దాటితే తాగకూడదు.

రెండోది, వంగిన కాళ్లు, బిగుసుకున్న నడుములు ఉన్న పెద్దవాళ్లను చూసి "ఏం మారలేదు" అనడం తప్పు. ఎముకల్లో దిగిన ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ నీళ్ల జబ్బు) ఎంత మంచి నీళ్లు తాగినా వెనక్కి పోదు. ఇప్పటి నీళ్ల ఫలితం పిల్లల పళ్లలో కనిపిస్తుంది. పాలపళ్లు ఊడి శాశ్వతమైన ముందుపళ్లు ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య వస్తాయి. అవి లోపల తయారయ్యేది అంతకుముందు పసితనంలో. కాబట్టి మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు లాంటి మండలాల్లో నాలుగో తరగతి పిల్లల ముందుపళ్ల మీద సుద్ద లాంటి తెల్ల చారలు, గోధుమ రంగు మచ్చలు ఎంతమందికి ఉన్నాయో చూడండి. వాళ్ల ఇళ్లల్లోనే డిగ్రీ చదివే అన్నలు, అక్కలతో పోల్చండి. హెడ్మాస్టర్ అనుమతి లేకుండా బడిలోకి వెళ్లొద్దు, పిల్లల ఫొటోలు అసలే తీయొద్దు. ఆ పిల్లలు చిన్నప్పుడు వేరే ఊళ్లో పెరిగారేమో, ఇంట్లో వంటకు బోరు నీళ్లు వాడుతున్నారేమో అడిగి తెలుసుకోండి. లేకపోతే వేరే ఊరి బోరు నేరం మీ ఎమ్మెల్యే మీద పడుతుంది.

కాలువలు, ఎత్తిపోతల విషయంలో పంపు తిరగడం వేరు, పొలం తడవడం వేరు. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. నార్లాపూర్ దగ్గర మొదటి పంపు స్విచ్ నొక్కింది 2023 సెప్టెంబరు 16న. ఆ రోజు నీళ్లు ఎగసిపడుతున్న వీడియో ఇప్పటికీ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. మీ ఊరి లెక్కకు అది చాలదు. రిజర్వాయరు దాకా వచ్చాయా, ప్రధాన కాలువ తవ్వారా, డిస్ట్రిబ్యూటరీ (పిల్ల కాలువ) పడిందా, చివరి రైతు మడి తడిసిందా అని నాలుగు మెట్లుగా రాయండి. ఏ మెట్టు మీద ఆగిందో అదే జవాబు. కొత్త ప్రాజెక్టులకే కాదు, సాగర్ ఎడమ కాలువ కిందా ఇంతే. తూము దగ్గర రైతును అడిగితే "నీళ్లకేం కరువు?" అంటాడు. చివరి ఆయకట్టు రైతు దగ్గరికి వెళ్లండి.

రోడ్డును తొలి వాన తర్వాత చూడండి. కేంద్ర గ్రామసడక్ పథకం రోడ్డయితే పక్కన బోర్డు ఉంటుంది, ఐదేళ్ల నిర్వహణ కాంట్రాక్టరుదే. గుంతలకు ఐదేళ్లలోపే ప్యాచ్ పని సర్కారు డబ్బుతో చేస్తే అడగాల్సిందే. దవాఖానాకు రాత్రి తొమ్మిదింటికి వెళ్లండి, డ్యూటీ డాక్టరు ఉన్నారో లేదో తెలిసిపోతుంది.

వలస సంగతి. సంక్రాంతి పోయాక మీ ఊళ్లో ఎన్ని ఇళ్లకు తాళాలు పడుతున్నాయి, నారాయణపేట వైపు నుంచి బొంబాయి బస్సెక్కేవాళ్లు ఎంతమంది, బడి మధ్యలో మానేసే పిల్లలు ఎందరు అని లెక్కించొచ్చు. కానీ వలస తగ్గిందంటే ఘనతంతా నాయకుడిది అనుకోకండి. బొంబాయి పోయేవాళ్లు హైదరాబాద్‌కో, జడ్చర్ల కంపెనీలకో మళ్లి ఉండొచ్చు. ఎక్కడికి పోతున్నారో, ఎందుకు పోతున్నారో పక్కనే రాయండి.

6. ఘనత ఎవరిదో తూచండి

పెద్ద పనులు ఒక నాయకుడి హయాంలో మొదలై మరొకరి హయాంలో ముగుస్తాయి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలింది ఇందిరాగాంధీ. ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం పని 2005లో అప్పగించారు. దాదాపు 44 కిలోమీటర్లు తవ్వాలి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి ఎనిమిది మంది కార్మికులు లోపల చిక్కుకుపోయారు. ఈ మధ్యలో ఎన్ని ఎన్నికలు వచ్చాయో, అన్నింట్లోనూ ఆ సొరంగం హామీగా నిలబడింది.

ఇలాంటి పనికి మొత్తం మార్కులు ఒకరికే వేయకండి. ఆ నాయకుడు పదవిలోకి వచ్చిన రోజు పని ఎక్కడుంది, దిగిన రోజు ఎక్కడుంది? ఎన్ని కిలోమీటర్లు జరిగింది, ఎంత బిల్లు విడుదలైంది? ఆ తేడాయే ఆయన లెక్క. రాయి వేసినందుకు కాదు, రిబ్బన్ కత్తిరించినందుకూ కాదు.

చెక్కుల పంపిణీ ఇంకో మాయ. కల్యాణలక్ష్మి కింద 1,00,116 రూపాయలు అర్హత ఉన్న ప్రతి ఆడపిల్ల కుటుంబానికీ పథకం ప్రకారం రావాల్సినవి, ఎమ్మెల్యే జేబులోవి కావు. ఫంక్షన్ హాల్లో నిలబెట్టి, చెక్కు పట్టుకుని కెమెరా వైపు చూడమంటారు. మీరు చూడాల్సింది రెండు తేదీలు: దరఖాస్తు పెట్టిన తేదీ, చెక్కు చేతికొచ్చిన తేదీ. పది కుటుంబాల తేదీలు రాసుకోండి. చెక్కులు ఆఫీసుకొచ్చాక సభ కోసం ఆపారా అన్నది ఎమ్మార్వో ఆఫీసులో తెలుస్తుంది. ఆపినట్టు తేలితే ఆ పంపిణీ సభ మైనస్ మార్కు. ముఖ్యమంత్రి సహాయ నిధి మాత్రం కొంచెం వేరు. అక్కడ ఎమ్మెల్యే సిఫార్సు లేఖ నిజంగా పనిచేస్తుంది. తన పార్టీ వాళ్లకే రాస్తున్నారా, అడిగిన అందరికీ రాస్తున్నారా చూడండి.

నాయకుడు ప్రతిపక్షంలో ఉంటే నిధులు రాలేదన్న మాటలో నిజం ఉంటుంది. అలాంటప్పుడు మంజూరైన పనుల కన్నా ఆయన ఎన్నిసార్లు లిఖితపూర్వకంగా అడిగారో చూడాలి. ఆ లేఖల నకళ్లు ఆయన్నే అడగండి. నిజంగా రాసినవాళ్లు గర్వంగా ఇస్తారు.

7. సభలో ఏం చేశారు

ఎంపీ అయితే ఈ పని సులువు. పార్లమెంటు వెబ్‌సైట్‌లో హాజరు, అడిగిన ప్రశ్నలు, చర్చలు అన్నీ ఉంటాయి. మీ జిల్లా పేరు ఎన్ని ప్రశ్నల్లో ఉందో వెతకండి, మొత్తం సంఖ్య అనవసరం. ఎమ్మెల్యేకి అసెంబ్లీ కార్యకలాపాల నివేదికలు చూడాలి, కొంచెం చెమట పడుతుంది.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి: మంత్రులు ప్రశ్నలు అడగరు, హాజరు రిజిస్టరులో సంతకం పెట్టరు. "మన ఎంపీ సున్నా ప్రశ్నలు" అని గ్రాఫిక్ చేసి తిప్పేముందు ఆయన ఆ కాలంలో మంత్రేమో చూడండి. ఎంపీ నిధుల్లోనూ ఇలాంటిదే ఇంకొకటుంది. ఏడాదికి 5 కోట్లు అన్నది నిజమే గానీ, కరోనా వల్ల 2020 ఏప్రిల్ నుంచి 2021 నవంబరు దాకా ఆ పథకాన్నే ఆపేశారు. ఆ కాలంలో ఖర్చు లేకపోవడం ఎవరి తప్పూ కాదు. పైగా ఎంపీ పనిని సిఫార్సు మాత్రమే చేస్తారు, మంజూరు చేసి చేయించేది జిల్లా యంత్రాంగం. ఆ నిధుల్లో ఎస్సీ వాడలకు 15 శాతం, గిరిజన ప్రాంతాలకు ఏడున్నర శాతం పెట్టాలని నిబంధన. దేవరకొండ, అచ్చంపేట వైపు వాళ్లు ఇది తప్పక అడగాలి.

మన నల్లగొండ వాళ్లు ఈ లెక్క అడగడంలో దేశానికే దారి చూపారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్ల సమస్య దేశం చూడాలని జనం నామినేషన్లు గుప్పించారు, చివరికి 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. అదే ఏడాది లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10 వేల రూపాయలకు పెరిగింది.

8. అఫిడవిట్ తిరగేయండి

నామినేషన్‌తో ఆస్తులు, అప్పులు, కేసులు రాసి ఇచ్చే అఫిడవిట్ ఫారం 26 ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తుంది. గత రెండు ఎన్నికలవి పక్కపక్కన పెట్టండి. ఆస్తి పెరిగిందని కంగారు పడి "తిన్నాడు" అనకండి. యాదగిరిగుట్ట, షాద్‌నగర్ వైపు పాత భూమి ఉన్నవాళ్లందరి ఆస్తీ పెరిగింది. కొత్తగా కొన్న భూములు, కొత్త కంపెనీ వాటాలు, అప్పులు వేరు చేసి చూడండి. కేసుల్లో ధర్నా కేసు వేరు, చీటింగ్ కేసు వేరు, శిక్ష పడింది వేరు. అది కూడా మూడు గడులుగా రాయండి. ఇది పనితీరు లెక్క కాదు, కాబట్టి దీన్ని మిగతావాటితో కలపకుండా వేరే పేజీలో ఉంచండి.

తరచుగా చేసే తప్పులు

మాట తీరును పనిగా లెక్కేయడం అన్నింటికన్నా పెద్ద తప్పు. మాటలు కోటలు దాటతాయి, కాళ్లు గడప దాటవు అని మన పెద్దలు ఊరికే అనలేదు. అయితే దీనికి అటువైపు తప్పు కూడా ఉంది, అది చదువుకున్నవాళ్లు చేస్తారు. ఫ్లెక్సీలు, రీల్స్, బర్త్‌డే ర్యాలీలు చూసి చిరాకేసి, పని చూడకుండానే సున్నా వేసేస్తారు. రీల్స్ చేసేవాళ్లలోనూ పనిచేసేవాళ్లు ఉంటారు. ముభావంగా ఉండి ఫోన్ ఎత్తని మనిషి ఫైలు కదిపి ఉండొచ్చు. నచ్చని నాయకుడి పని ఒప్పుకోవడానికే ఎక్కువ ఓపిక కావాలి.

ఒక్క సంవత్సరం చూసి తేల్చడం ఇంకో తప్పు. వానలు బాగా పడి కృష్ణమ్మ నిండిన ఏడాది అందరు ఎమ్మెల్యేలూ మంచివాళ్లే. కనీసం ఒక మంచి ఏడాది, ఒక కరువు ఏడాది చూడండి.

మంజూరును ఖర్చుగా రాయడం. "వంద కోట్లు తెచ్చిన" అంటే ఏ వంద? జీవోలోదా, విడుదలైందా, బిల్లు అయిందా? బడ్జెట్ పుస్తకంలో కూడా ముందు అంచనా, సవరించిన అంచనా, అసలు ఖర్చు అని మూడుంటాయి. మూడోదే తీసుకోండి. అది రెండేళ్లు ఆలస్యంగా వస్తుంది.

మన కులమాయన, మన మండలమాయన అన్న సంగతి లెక్కలో దూరడం గురించి నేను చెప్పనక్కర్లేదు.

లెక్క సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

మీ మూడు విషయాల ఫలితాలు అరపేజీలో రాసి, నాయకుడి పేరు కొట్టేసి, ఆ నలుగురిలోని వీరాభిమానికి, ఎదుటి పార్టీ మనిషికి విడివిడిగా చూపించండి. అంకెల మీద ఇద్దరూ గొడవ పడకపోతే లెక్క కుదిరినట్టు. తీర్పు మీద గొడవ పడొచ్చు, అది వాళ్ల హక్కు. ఎవరైనా ఒక అంకె తప్పు అంటే ఆధారం అడగండి, చూపిస్తే అక్కడికక్కడే దిద్దండి.

తర్వాత అదే కొలతలతో గత ఎమ్మెల్యే లెక్క తీయండి. ఈయనకు మైనస్ వేసిన చోట ఆయనకు ప్లస్ వేశారంటే మీ కొలబద్దలో ఏదో తేడా ఉంది. పక్క నియోజకవర్గంలో అదే శాఖ పని ఎలా జరిగిందో కూడా ఒకసారి చూడండి. అక్కడా ఆగి ఉంటే తప్పు హైదరాబాద్‌లో ఉంది, మీ ఎమ్మెల్యే దగ్గర కాదు.

బయట పెట్టేటప్పుడు జాగ్రత్త. "ఈ రోడ్డు 2024 మార్చిలో పూర్తి కావాలి, ఇంకా సగమే అయింది, ఇదిగో ఆర్టీఐ జవాబు" అని రాయండి. కాంట్రాక్టరుతో కుమ్మక్కయ్యారు, కమీషన్ తీసుకున్నారు అనే మాటలకు మీ దగ్గర కాగితం ఉండదు, పరువునష్టం కేసు మాత్రం వస్తుంది. పెట్టేముందు అదే కాగితం నాయకుడి ఆఫీసుకు పంపి వారం గడువివ్వండి. వాళ్ల జవాబు వస్తే అది కూడా కిందే పెట్టండి.

ఒక్క పూటే ఉన్నవాళ్లకు

పొద్దున ఎనిమిదింటికి పైపు చివరి ఇంటికి వెళ్లి బిందె, క్యాను ప్రశ్న అడగండి. అక్కడి నుంచి దగ్గర్లోని శిలాఫలకాలు రెండు ఫొటో తీసి, వాటి మీది పని కళ్లముందు ఉందో లేదో చూడండి. పదింటికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ నెల ఎన్ని కాన్పులయ్యాయో, ఎన్ని పెద్దాసుపత్రికి పంపారో అడగండి. కల్యాణలక్ష్మి చెక్కు అందుకున్న మూడు ఇళ్లల్లో రెండు తేదీలు అడిగి రాసుకోండి. పన్నెండు దాటకముందే ఇంటికి రావచ్చు. ఆ పేజీ కింద తేదీ వేసి దాచండి, ఆరు నెలల తర్వాత మళ్లీ అదే ఇంటికి, అదే శిలాఫలకం దగ్గరికి వెళ్లండి.